నాన్నను చూసుకోవడానికి తమ్ముళ్లను వంతు అడగడం ఎలా?

కండక్టరు గారి అమ్మాయి, తెనాలి (రాత్రి 2:40)

అందరికీ నమస్కారం. ఏడాదిగా మీరందరూ రాసేవి చదువుతున్నాను, నేను రాయడం ఇదే మొదలు. నాన్న ఇప్పుడే పడుకున్నారు. మళ్లీ ఏ గంటకు లేస్తారో తెలీదు. అందుకే పడుకోకుండా ఇది రాస్తున్నాను.

నాన్నకు 77 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి 2006లో రిటైరయ్యారు. నాలుగేళ్ల క్రితం అమ్మ పోయింది. నాన్న మతిమరుపును అమ్మ ఎన్నాళ్ల నుంచి మాకు తెలీకుండా కప్పుకుంటూ వచ్చిందో ఆవిడ పోయాకే అర్థమైంది. పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, "మీ అమ్మ గుడి నుంచి ఇంకా రాలేదేంటే?" అన్నారు. అప్పటి నుంచి నా దగ్గరే ఉంటున్నారు. గుంటూరులో చూపిస్తే డిమెన్షియా అన్నారు. మందులు వాడుతున్నాం. అవి జబ్బును కొంచెం ఆపుతాయేమో గానీ పోయిన జ్ఞాపకం తిరిగి రాదని డాక్టరు గారు ముందే చెప్పారు.

పగలు ఎలాగో గడిచిపోతుంది. చీకటి పడేసరికి మొదలవుతుంది. డ్యూటీకి టైమైందంటారు. రాత్రి రెండింటికి లేచి గేటు దగ్గర నిలబడతారు. గోడ మీది పాత క్యాలెండరు చింపి ముక్కలు చేసుకుంటారు. ఆ ముక్కల్ని పొడుగ్గా మడిచి, నోట్లు పెట్టుకున్నట్టు ఎడమ చేతి వేళ్ల సందుల్లో పెట్టుకుంటారు. పేర్లన్నీ మరిచిపోయారు, నన్ను కూడా సగం సార్లు అమ్మ పేరుతో పిలుస్తారు. అంగలకుదురు, సంగం జాగర్లమూడి, నారాకోడూరు, బుడంపాడు మాత్రం వరస తప్పకుండా చెబుతారు. నిన్న రాత్రి "ఏమ్మా, ఎక్కడికి?" అన్నారు. "గుంటూరు" అన్నాను. ఒక ముక్క నా చేతిలో పెట్టి "చిల్లర ఉందా?" అన్నారు. లేదన్నాను. ఆ ముక్క మళ్లీ తీసుకుని, వెనక వైపు వేలితో ఏదో రాసి, "దిగేటప్పుడు అడిగి తీసుకో, మర్చిపోకు" అన్నారు. మర్చిపోకు అని నాతో అన్నారు నాన్న. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

నా సంగతి. నాకు 52. ఇంట్లోనే జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టేదాన్ని, నెలకు తొమ్మిది పది వేలు వచ్చేవి. రెండేళ్లుగా మిషను మూత తీయలేదు. కత్తెర, సూదులు దాచేయాల్సి వచ్చింది. పోయిన ఏడాది నాకు బీపీ వచ్చింది. వరసగా నాలుగు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లయిందో చెప్పలేను. మా ఆయనకు కిరాణా కొట్టు. ఇన్నాళ్లలో ఒక్క మాట అనలేదు, నాన్నకు గడ్డం ఆయనే గీస్తారు. మాటలు బయటివాళ్ల దగ్గర నుంచే వస్తున్నాయి. "ఇద్దరు కొడుకులుండి కూతురింట్లో ఉండటమేంటి?" అని నాన్న ఎదురుగానే అంటారు. ఆయనకు అర్థం కాదనుకుంటారు. ఆ పూట నాన్న అన్నం ముట్టరు.

ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టుకుందామంటే 24 వేలు అడిగారు. తెలిసినవాళ్ల ద్వారా ఒక అబ్బాయి వచ్చాడు. రాత్రిపూట నాన్న దొంగ అనుకుని కర్ర తీసేసరికి పదకొండో రోజున మానేశాడు. నాన్నకొచ్చే పింఛను నెలకు రెండు వేల చిల్లర.

తమ్ముళ్లు చెడ్డవాళ్లు కారు. పెద్దవాడు కూకట్‌పల్లిలో ఉంటాడు, నెలకు 8 వేలు వేస్తాడు. చిన్నవాడు అమెరికాలో ఫ్రిస్కోలో, 15 వేలు పంపుతాడు. ఒకటో తారీఖు దాటనివ్వరు. కానీ "ఒక పది రోజులు వచ్చి ఉండరా" అంటే పెద్దవాడు "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా అక్కా, మాకు ఆఫీసులు కదా" అంటాడు. ఈ మాట దగ్గరే నా నోరు పడిపోతుంది. ఇంట్లోనే ఉంటాను కాబట్టి నాకు పని లేనట్టే లెక్క.

ఇప్పుడు అసలు విషయం. మా అమ్మాయికి ఏడో నెల. తొలి కాన్పు, పుట్టింట్లోనే జరగాలి కదా. పసిబిడ్డ ఒక గదిలో, రాత్రంతా తలుపులు కొట్టే నాన్న ఇంకో గదిలో. ఒక్కదాన్ని రెండు చోట్లా ఎలా ఉండను? తోడబుట్టినవాళ్ల దగ్గర డబ్బు కాకుండా రోజులు అడిగి తీసుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఏ మాటలతో అడిగారు? గొడవ పడకుండా కావాలి నాకు. వాళ్లు ఫోన్ చేయడం మానేస్తే నాన్నకున్న ఆ కాస్త కూడా పోతుంది.

రిటైర్డ్ స్టాఫ్ నర్స్, రాజమండ్రి

అమ్మా, ముందు ఒక మాట అడుగుతాను. రాత్రి గొడవ ఎప్పటి నుంచి ఇంత ఎక్కువైంది? మెల్లమెల్లగా పెరిగితే జబ్బు తీరు అనుకోవచ్చు. ఈ రెండు మూడు వారాల్లోనే ఉన్నట్టుండి ఎక్కువైతే మాత్రం రేపే యూరిన్ టెస్ట్ చేయించు. పెద్దవయసులో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం, మంట ఏమీ లేకుండా ఒక్క మతి తప్పడమే కనిపించవచ్చు. మలబద్ధకం, ఎక్కడో నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు కూడా ఇంతే చేస్తాయి, ఎక్కడ నొప్పో ఆయన చెప్పలేరు కాబట్టి. బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించారో లేదో పాత కాగితాల్లో చూడు. లేకపోతే డాక్టరు గారిని అడుగు.

నిద్రమాత్ర నీ అంతట నువ్వు మెడికల్ షాపులో అడిగి వేయకు. మత్తులో బాత్రూముకు లేచి పడితే తుంటి విరుగుతుంది. అప్పుడు నడిచే మనిషిని చూసుకోవడం పోయి మంచంలో ఉన్న మనిషిని చూసుకోవడం అవుతుంది.

టిక్కెట్టు అడిగితే గుంటూరు అన్నావు చూడు, అదే సరైన పద్ధతి. "నువ్వు రిటైరయ్యావు నాన్నా" అని వాదిస్తే ఆయనకు కోపమొస్తుంది, నీకు ఓపిక పోతుంది. గేటుకు గడియ ఆయన చేతికి మామూలుగా అందే చోట కాకుండా బాగా పైన గానీ కింద గానీ పెట్టించు. తాళమైతే చెవి నీ దగ్గరే ఉండాలి. మీ ఆయన ఫోన్ నంబరు రాసిన కాగితం లామినేషన్ చేయించి చొక్కా జేబులో పెట్టి కుట్టెయ్యి, కుట్టుపని నీకు తెలుసు కదా. సాయంత్రం చీకటి పడకముందే లైట్లు వెయ్యి.

అమ్మాయి కాన్పు కోసం నాన్నను హైదరాబాదు పంపుదామని అనుకుంటున్నావేమో, జాగ్రత్త. కొత్త ఇంట్లో బాత్రూము ఏ వైపుందో కూడా తెలీక ఇలాంటివాళ్లు ఇంకా తికమక పడతారు. ఆయన్ని కదపడం కన్నా తమ్ముడు నీ ఇంటికి రావడమే మేలు.

ఇక నీ బీపీ. మాత్ర రోజూ వేసుకుంటున్నావా? ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నావో రాయి. నా సర్వీసులో రోగిని తీసుకొచ్చి, కుర్చీలో కూర్చున్న చోటే కళ్లు తిరిగి పడిపోయిన కూతుళ్లను, కోడళ్లను చూశాను. రాత్రిపూట ఏడుపు ఆగకపోతే 14416కు ఫోన్ చెయ్యి, టెలిమానస్ అంటారు, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన నంబరు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అది రోగులకే అనుకోకు, నీలాంటివాళ్లూ చేయొచ్చు. పెద్దవాళ్ల విషయాలకు 14567 ఉంది, అది పగటిపూట.

ఒంగోలు ఇల్లాలు

అక్కా, మా ఆయనకు పక్షవాతం వచ్చి ఐదేళ్లయింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మంచంలోనే అన్నీ. మాకు 2024 జులై నుంచి నెలకు 15 వేలు పింఛను వస్తోంది, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు ఇచ్చేది. సర్టిఫికెట్ కోసం ఆయన్ని ఆటోలో పడుకోబెట్టుకుని తిరిగాను. మీ నాన్నగారు నడుస్తున్నారు కాబట్టి అది మీకు వర్తించకపోవచ్చు, అయినా మీ సచివాలయంలో ఒకసారి అడగండి.

నేను చెప్పదలచింది వేరే. వచ్చిన ప్రతివాళ్లూ "ఏమైనా కావాలంటే చెప్పు" అని వెళ్లిపోయేవాళ్లు. నేను తలూపేదాన్ని. ఏం కావాలో చెప్పేదాన్ని కాదు, వాళ్లూ మళ్లీ అడిగేవాళ్లు కారు. రెండేళ్ల క్రితం ఒక రోజు ఎదురింటి పిన్నిగారు ఆ మాటే అంటే, "గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటారా పిన్నిగారూ?" అని నోరు తెరిచి అడిగేశాను. ఆవిడ ఆశ్చర్యపోయి, "అంతేనా?" అన్నారు. అప్పటి నుంచి ఒక్క గురువారం తప్పలేదు. ఆ రెండు గంటలు నేను కూరగాయల మార్కెట్టుకు వెళ్తాను. కొనేది ఉన్నా లేకపోయినా వెళ్తాను. ఒక్కోసారి సాయిబాబా గుడి అరుగు మీద ఊరికే కూర్చుని వస్తాను.

మీ తమ్ముళ్లకూ అంతేనేమో. "సాయం చేయండిరా" అంటే వాళ్లకు ఏం చేయాలో తెలీదు. తారీఖు చెప్పి అడగండి.

సూటిగా చెబుతా, వరంగల్

అమ్మా, ఇంత బతిమాలుకోవడం దేనికి? 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ, సంరక్షణ చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో మీ నాన్నగారి తరఫున పిటిషన్ వేస్తే నెలకు 10 వేల వరకు భరణం ఇప్పిస్తారు. ఇద్దరు కొడుకులకూ నోటీసులు పోతే వాళ్లే దిగొస్తారు.

కండక్టరు గారి అమ్మాయి, తెనాలి

మీరు నా మీద అభిమానంతోనే రాశారని తెలుసండీ. కానీ వాళ్లు డబ్బు పంపుతూనే ఉన్నారు. ఆ చట్టం డబ్బు ఇప్పిస్తుంది, ఒక రాత్రి నాన్న పక్కన పడుకోమని ఎవరికీ ఆర్డరు వేయదు కదా. పైగా నోటీసు అందుకున్న కొడుకు ఆ తర్వాత నాన్న చెయ్యి ఎలా పట్టుకుంటాడు?

నర్సమ్మ గారూ, మీరు అడిగాక లెక్క వేసుకుంటే నిజమే, ఈ నెల రోజుల్లోనే బాగా ఎక్కువైంది. రేపు ల్యాబుకు తీసుకెళ్తున్నాం. నా బీపీ చూపించుకుని ఏడు నెలలైంది. నాదీ రేపే చూపించుకుంటాను.

కోజికోడ్‌లో తెలుగువాడు

బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది. ఇక్కడ చూసింది చెబుతాను. మా పక్కింట్లో క్యాన్సర్ పెద్దాయన ఉండేవారు. ప్రతి మంగళవారం పాలియేటివ్ నర్సు, అంటే నయం కాని జబ్బుల్లో ఇంటికొచ్చి బాధ తగ్గించే నర్సు, వచ్చేది, ఆమెతో ఆ వీధివాళ్లే ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు. ఒకరు టైలరు, ఒకరు రిటైర్డ్ టీచరు, వలంటీర్లుగా శిక్షణ తీసుకున్నవాళ్లు. నర్సు పుండు కడుగుతుంటే టీచరు గారు ఆ ఇల్లాలిని వరండాలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి మాట్లాడేవారు. రోగిని చూడటం ఎంతో, చూసుకునే మనిషిని చూడటమూ వాళ్ల పనిలో అంత భాగం. ఈ పాలియేటివ్ సేవ 1993లో ఈ ఊళ్లో ఒక చిన్న సొసైటీగా మొదలైంది, ఇప్పుడు పంచాయతీలే నడుపుతున్నాయి. ఆశ్వాసకిరణం అని ఇంకో పథకం ఉంది. మంచంలో ఉన్నవాళ్లను చూసుకునే మనిషికి నెలకు 600. చాలా తక్కువ, అది కూడా బకాయి పడుతుంటుంది. అయినా చూసుకునే మనిషి పేరుతో ప్రభుత్వం డబ్బు వేయడం నేను వేరే చోట చూడలేదు. మనకు 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు, మంచిదే. కానీ అది ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. మీ నాన్నగారి జబ్బంతా ఇంట్లోనే, రాత్రి రెండింటికి, గేటు దగ్గర జరుగుతోంది.

మన పంచాయతీల్లో, వార్డుల్లో ఇది ఎందుకు మొదలుకాకూడదో నాకు అర్థం కాదు. దానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. వారానికి రెండు గంటలు ఇచ్చే పదిమంది చాలు.

ఫ్రిస్కోలోనే ఉంటాను

అక్కా, నేను మీ తమ్ముణ్ని కాదు గానీ మీ తమ్ముడి ఊరివాణ్నే, మీ తమ్ముడిలాంటివాణ్నే. మా అమ్మ నెల్లూరులో మా అక్క దగ్గర ఉంటుంది, ఇదే జబ్బు. మూడేళ్లు నేనూ ఒకటో తారీఖుకు డబ్బు పంపి, నా బాధ్యత చేశాననుకున్నాను. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ శుభ్రంగా తల దువ్వుకుని నవ్వుతూ కనిపించేది. "అమ్మ బాగానే ఉందిగా, అక్క కొంచెం ఎక్కువ చెబుతోంది" అని మా ఆవిడతో అన్నాను కూడా. ఆ పది నిమిషాల కోసం అక్క గంటన్నర ముందు నుంచి స్నానం చేయించి, చీర మార్చి, తినిపించి సిద్ధం చేసేదని నాకు తెలీదు.

పోయిన ఏడాది అక్కకు గర్భసంచి ఆపరేషన్. తప్పక వెళ్లాను, పద్దెనిమిది రోజులు. మూడో రోజు రాత్రి అమ్మ నన్ను "ఎవరబ్బాయ్ నువ్వు, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది, ఇంటికి వెళ్లు" అని గదిలోంచి పంపేసింది. తెల్లవార్లూ గుమ్మం బయట కూర్చున్నాను. ఆ పద్దెనిమిది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాను. ఆస్పత్రి నుంచి వచ్చిన అక్క కాళ్ల దగ్గర కూర్చుని క్షమించమన్నాను.

అందుకని నేను చెప్పేది, మీ రోజు వాళ్లకు కనిపించాలి. "నాకు కష్టంగా ఉంది" అని చెప్పకండి, మాకు అది ఎక్కదు. ఒక నోట్‌బుక్‌లో ఒక్క వారం రాయండి. 11:40కి లేచారు. 12:15కి బట్టలు మార్చాను. 2:05కి గేటు దగ్గర. ఆ పేజీలు ఫోటో తీసి ఇద్దరికీ పంపండి. ఒక్క మాట కూడా కలపకండి.

రెండోది, ఇది మీ చిన్నతమ్ముడికి చూపించండి. మీకు రాత్రి రెండున్నర అంటే ఎండాకాలంలో ఇక్కడ మాకు సాయంత్రం నాలుగు, చలికాలంలో మూడు. మీ రాత్రి మాకు పగలు! అమ్మ గదిలో మాట్లాడే కెమెరా పెట్టించాను, రెండు వేల చిల్లరకే వచ్చింది. అక్కడ రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా వారానికి నాలుగు రోజులు డ్యూటీ నాది. ఆఫీసు పని చేసుకుంటూ పక్కన ఫోన్ పెట్టుకుంటాను. అమ్మ లేస్తే "ఏంటమ్మా, దాహమా?" అని అక్కడి నుంచే పలకరిస్తాను. పది సార్లలో ఆరేడు సార్లు ఆ గొంతు వినగానే మళ్లీ పడుకుంటుంది. మంచం దిగి తలుపు వైపు వెళ్తేనే అక్కకు రింగ్ ఇస్తాను. దూరంగా ఉన్నాను కాబట్టే చేయగలిగిన పని ఇది.

కండక్టరు గారి అమ్మాయి, తెనాలి (రెండు వారాల తర్వాత)

అందరికీ దండాలు. ఆలస్యమైంది, క్షమించండి.

ఫ్రిస్కో తమ్ముడు చెప్పినట్టే ఏడు రాత్రులు రాశాను. పాత ఆర్డర్ల పుస్తకంలో, జాకెట్ల కొలతలు రాసుకునేదాంట్లో ఖాళీ పేజీలుంటే వాటిలో. ఫోటోలు పంపాను. చిన్నవాడు వెంటనే ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేకపోయాడు. కెమెరా వాడే ఆర్డరు పెట్టాడు, నిన్న బిగించారు. పెద్దవాడు రెండు రోజులు పలకలేదు. భయపడ్డాను. మూడో రోజు వాడే చేసి "తారీఖులు చెప్పక్కా" అన్నాడు. ఒంగోలు చెల్లెమ్మా, నీ మాట గుర్తుంచుకుని సిద్ధంగా పెట్టుకున్నవి చదివాను. కాన్పు టైముకు ఇరవై రోజులు, అంతకుముందు నెలకు ఒక శని, ఆదివారం. ఇరవై కుదరదన్నాడు, పన్నెండు రోజులు ఇంటి నుంచి పనిచేస్తాను, మిగతా ఎనిమిది రోజులకు మనిషిని పెడతాను, ఆ మనిషిని వెతకడం కూడా నా పనే అన్నాడు. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాట గురించి కూడా చెప్పాను. అది ఎంత గుచ్చుకుందో నెమ్మదిగానే చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఇంకెప్పుడూ అనను" అన్నాడు.

మొన్న శనివారం వచ్చాడు. నేను గుంటూరులో మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. రాత్రి తొమ్మిదింటికి పడుకుంటే పొద్దున ఏడున్నరకు పిన్ని కాఫీ ఇచ్చి లేపింది. మధ్యలో ఒక్కసారి మెలకువ వచ్చింది. గేటు చప్పుడు వినిపించక భయమేసింది. ఎక్కడున్నానో గుర్తొచ్చి మళ్లీ పడుకున్నాను. ఆదివారం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తమ్ముడు కళ్లు ఎర్రగా, చొక్కా జేబునిండా క్యాలెండరు ముక్కలు. "నాలుగు సార్లు గుంటూరు వెళ్లొచ్చానక్కా" అన్నాడు. ఆ ముక్కలు నేను తీసి పారేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

నర్సమ్మ గారూ, మీరన్నట్టే యూరిన్‌లో ఇన్ఫెక్షన్ ఉంది. ఐదు రోజుల కోర్సు అయిపోయింది. ఇప్పుడు రాత్రికి ఒకటి రెండు సార్లే లేస్తున్నారు. బి12 కూడా బాగా తక్కువగా ఉందన్నారు, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నా బీపీ మాత్ర డోసు పెంచారు. గేటు గడియ పైకి మార్పించాం, చీటీ జేబులో పెట్టి కుట్టాను. అందుకోసం రెండేళ్ల తర్వాత మిషను మూత తీశాను, బెల్టు వదులైపోయింది. అది మార్పించి, మనవడికో మనవరాలికో జుబ్బాలు కుట్టడం మొదలుపెడతాను. పాత మెత్తటి నూలు చీరలు ఏవైనా ఉంటే ఇమ్మని పిన్నిని అడిగాను.